గ్వాడలూపే శిఖరం కింద టెంట్ వేసి ఒక రాత్రి (వెస్ట్ టెక్సస్) – ఇద్దరం వెళ్ళొచ్చిన వివరాలు, మీ ప్రశ్నలు అడగండి

గోదారి_గట్టు (ప్లేనో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మొన్న అక్టోబర్ చివర్లో నేనూ మా ఆయనా గ్వాడలూపే మౌంటెన్స్ నేషనల్ పార్క్‌కి వెళ్ళొచ్చాం, ఒక రాత్రి కింద పైన్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో, ఒక రాత్రి కొండ మీద శిఖరానికి మైలు దూరంలో టెంట్ వేసుకుని ఉన్నాం. డాలస్ వైపు మనవాళ్ళు లాంగ్ వీకెండ్ రాగానే కొలరాడో అంటారు, స్మోకీస్ అంటారు, మనం ఉండే రాష్ట్రంలోనే ఎనిమిది వేల అడుగులు దాటిన కొండలున్నాయని చాలామందికి పట్టదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు అసలు మాట చెప్పేస్తాను. గ్వాడలూపే పీక్ 8,751 అడుగులు, టెక్సస్ మొత్తానికి ఎత్తైనది. పొద్దున్నే ఎక్కి, పైన ఫోటో దిగి, సాయంత్రానికి కిందికొచ్చి కారెక్కేయొచ్చు, చాలామంది అదే చేస్తారు. నా మాట వింటే మాత్రం నీళ్ళు మోసుకునైనా సరే పైన ఒక రాత్రి ఉండండి. ఎడారి కొండ పగలంతా ఎండకి తెల్లబోయి కళ్ళు చికిలించేలా ఉంటుంది, పొద్దు వాలేకొద్దీ రాళ్ళకి రంగొస్తుంది, చీకటి పడ్డాక అదే చోట వేరే లోకం. పగలు మాత్రమే చూసి దిగిపోతే సగం చూసినట్టే.

మేం శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాం, ఇంటర్‌స్టేట్ 20 మీద అబిలీన్, మిడ్‌లాండ్, ఒడెస్సా దాటుకుని పీకోస్ దాకా, అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరిగి ఓర్లా మీదుగా 62/180 హైవే పట్టుకున్నాం. ఆగుతూ వెళ్తే తొమ్మిది గంటల పైనే. ఆ దారి చివర్లో చదును నేల మీద అడ్డంగా పెద్ద గోడలా కొండ లేస్తుంది చూడండి, దాని దక్షిణపు కొసన ఎల్ కాపిటాన్ అనే నిట్టనిలువు రాతి ముఖం, అది కనపడగానే మా ఆయన కారు పక్కకి ఆపేశారు, ఇద్దరం దిగి కాసేపు మాట్లాడుకోలేదు కూడా.

శనివారం పొద్దున్న ఏడింటికి నడక మొదలు. పైకీ కిందికీ కలిపి ఎనిమిదిన్నర మైళ్ళు, ఎక్కాల్సింది మూడు వేల అడుగులు. మొదటి మైలున్నరే అన్నిటికంటే కష్టం, మెలికలు మెలికలుగా నిలువు ఎక్కుడు, నీడ అనేది లేదు. అది దాటాక దారి కొండకి ఉత్తరం వైపుకి తిరుగుతుంది, అక్కడ ఒక్కసారిగా గాలి చల్లబడి పైన్ చెట్లూ డగ్లస్ ఫర్ చెట్లూ కనిపిస్తాయి, కింద నాగజెముడు పొదల మధ్య మొదలుపెట్టిన మనిషి రెండు గంటల్లో ఫర్ చెట్ల వాసన పీలుస్తాడు! మూడు మైళ్ళ దగ్గర క్యాంప్ సైట్లు వస్తాయి, అయిదే ఉంటాయి, ముందే పర్మిట్ బుక్ చేసుకోవాలి. మధ్యాహ్నానికి టెంట్ వేసి పడుకున్నాం, శిఖరానికి ఆ రోజు వెళ్ళలేదు, కావాలనే ఆదివారం తెల్లవారుజాముకి ఉంచుకున్నాం.

తెల్లారకుండానే తలకి లైట్లు కట్టుకుని ఆ చివరి మైలు నడిచాం. కొంచెం దిగుడు, ఒక చెక్క వంతెన, తర్వాత శిఖరం దాకా రాళ్ళ మీద ఎక్కుడు. పైన స్టీల్‌తో చేసిన మూడు పలకల స్తూపం ఉంటుంది, 1958లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు పెట్టించింది, దానికి నూరేళ్ళ ముందు ఈ కొండ కిందుగా వెళ్ళిన బటర్‌ఫీల్డ్ టపా బండ్ల జ్ఞాపకార్థం. సూర్యుడు మా వెనకాల లేస్తుంటే పడమట ఉప్పు మైదానం మీద ఈ కొండ నీడ మూడు కోణాలుగా పరుచుకుంది, ఎంత దూరం పడిందో చెప్పలేను. ఎల్ కాపిటాన్ 8,085 అడుగులు కదా, కింద రోడ్డు మీంచి తలెత్తి చూసినదాన్ని పైనుంచి తల వంచి చూశాం. మా ఆయన స్తూపానికి ఆనుకుని కూర్చుని ఫ్లాస్కులో టీ పోసిచ్చారు. పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు ఫోన్ లేకుండా పక్కపక్కన కూర్చున్నది అదే అనిపించింది నాకు.

ఇంకా ఏం కావాలన్నా అడగండి, ఆయన కూడా ఇక్కడ మెంబరే, చెప్తారు.

ఓరుగల్లు_పోరడు (అర్వింగ్)

అక్కా మస్తు రాసినవ్. నేనూ మా ఇంటామె పోదామని ఎప్పటిసంది అనుకుంటున్నం, కానీ నాకు ఒక్కటే డౌట్, పైన నీళ్ళు అస్సలే దొరకయా? వాగో ఊటో ఏదన్న ఉంటది కదా, ఫిల్టర్ పట్టుకపోతే నడవదా? కొలరాడోల మేము గట్లనే చేసినం. ఇంకోటి, తిండి ఏం పట్టుకపోయిన్రు? మాకు అన్నం లేకుంటే పొద్దు గడవదు.

నడకరి (ప్లేనో)

తమ్ముడూ, గోదారి_గట్టు వాళ్ళాయన్నే. దొరకవు, అసలు దొరకవు, ఫిల్టర్ ఇంట్లో పెట్టేసి వెళ్ళు. ఈ కొండలన్నీ సున్నపురాయి, పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది, పైన ఒక్క క్యాంప్ సైట్‌లో కూడా నీళ్ళు లేవు. మనిషికి రోజుకి గ్యాలన్ అని పార్క్ వాళ్ళే చెప్తారు, అది పైకి మోసుకెళ్ళాల్సిందే, చివరి కుళాయి కింద పైన్ స్ప్రింగ్స్‌లో.

గ్యాలన్ అంటే 3.8 కేజీలు. మేం ఇద్దరికీ కలిపి నాలుగు గ్యాలన్లు పట్టుకెళ్ళాం, అంటే పదిహేను కేజీలు ఒట్టి నీళ్ళే. నేను రెండున్నర, తను ఒకటిన్నర. టెంట్, స్టవ్ నా బ్యాగ్‌లో, స్లీపింగ్ బ్యాగులు ఎవరివి వాళ్ళవి, తిండి తన బ్యాగ్‌లో. జంటగా వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి, సామాను సగం సగం పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది గానీ ఒంటి బరువుని బట్టి, నడకని బట్టి పంచుకోవాలి. మా ఇద్దరిలో ఎక్కుడులో తనే చురుకు, దిగుడులో నాకు ఇబ్బంది లేదు తనకి మోకాలు నొప్పి, అందుకని దిగేటప్పుడు తన బ్యాగ్‌లోంచి బరువంతా నేను తీసేసుకున్నాను. నీళ్ళు నాలుగు సీసాల్లో వేరు వేరుగా పెట్టండి, ఒకటి కారినా మిగతావి ఉంటాయి.

తిండి సంగతి: నీళ్ళు ఖర్చయ్యే వంట పెట్టుకోకూడదు. శనివారం మధ్యాహ్నానికీ రాత్రికీ చింతపండు పులిహోర, తను ముందురోజు నూనె కాస్త ఎక్కువేసి కలిపింది, చల్లటి వాతావరణంలో చక్కగా ఉంది. పొద్దున్నకి అటుకులు, వేడి నీళ్ళు చిలకరించి వేయించిన పల్లీలు, పచ్చిమిర్చి పొడి, ఉప్పు, నిమ్మకాయ. దారిలోకి పల్లీ పట్టీ, ఖర్జూరం. కట్టెలు, బొగ్గులు కాల్చడం పార్క్ మొత్తంలో నిషేధం, చిన్న గ్యాస్ స్టవ్ ఒక్కటే. క్యాంప్‌ఫైర్ కోసం వెళ్ళేవాళ్ళకి ఇది ముందే చెప్పాలి. ఎండిన గడ్డి, ఆ గాలి, ఒక్క నిప్పురవ్వ చాలు.

మిడ్‌లాండ్_మూర్తి

నేను మిడ్‌లాండ్‌లో ఆయిల్ కంపెనీలో జియాలజిస్టుని, ఆ కొండలకి పని మీదా వెళ్తాను, సరదాకీ వెళ్తాను. అమ్మా గోదారి_గట్టు, చాలా బాగా రాశారు, కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోను. మొదటిసారి వెళ్ళే జంటలకి పైన రాత్రి ఉండమని చెప్పడం సరి కాదని నా అభిప్రాయం. పదిహేను కేజీల నీళ్ళతో ఆ మొదటి మైలున్నర ఎక్కడమంటే అలవాటు లేని వాళ్ళకి మోకాళ్ళు పోతాయి. పైన్ స్ప్రింగ్స్‌లో రెండు రాత్రులు ఉండి, కుళాయి పక్కనే ఉంటుంది, ఫ్లష్ టాయిలెట్ ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికి తేలిక బ్యాగ్‌తో బయల్దేరితే సూర్యోదయానికి శిఖరం మీద ఉండొచ్చు కదా. షవర్లు మాత్రం లేవు, అది గుర్తుంచుకోండి.

రోడ్డు గురించి కూడా చెప్పాలి. పీకోస్ నుంచి ఓర్లా దాకా 285 మీద ఇసుక లారీలు, నీళ్ళ ట్యాంకర్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి, డ్రిల్లింగ్ పనులన్నీ అటే. చీకట్లో ఆ రోడ్డు వద్దు. పీకోస్‌లో ట్యాంక్ నింపుకోండి, పార్క్‌లో గ్యాస్ దొరకదు, తిండి కూడా దొరకదు.

ఇక ఆ కొండ ఏమిటో తెలిసి ఎక్కితే ఇంకా బాగుంటుంది కాబట్టి రాస్తున్నా. సుమారు 26 కోట్ల ఏళ్ళ కింద అక్కడ సముద్రం. ఆ సముద్రం అంచున స్పాంజీలు, ఆల్గే, సున్నపు బురద పేరుకుని పేరుకుని మైళ్ళ పొడవున రీఫ్ కట్టింది, దాన్నే కాపిటాన్ రీఫ్ అంటాం. సముద్రం ఎండింది, ఉప్పూ జిప్సం కప్పేశాయి, చాలా కాలం తర్వాత నేల పైకి లేచి పైన కప్పినదంతా కొట్టుకుపోయి రీఫ్ మళ్ళీ బయటపడింది. ఎల్ కాపిటాన్ అంటే ఆ రీఫ్ కొసే. శిఖరం మీద కూర్చున్నప్పుడు చుట్టూ రాళ్ళలో చూడండి, సముద్ర జీవుల శిలాజాలు కనిపిస్తాయి, ముట్టుకోవచ్చు కానీ జేబులో వేసుకోకూడదు. భూమి వయసు లెక్కల్లో పెర్మియన్ యుగంలో ఒక భాగానికి ఈ కొండల పేరే పెట్టారు, గ్వాడలూపియన్ అని, దాని అంతర్జాతీయ ప్రామాణిక పొరలు మూడూ ఈ పార్క్‌లోనే ఉన్నాయి. మేం మిడ్‌లాండ్‌లో తోడే నూనె కూడా ఆ పాత సముద్రం పొరల్లోదే. పక్కన కార్ల్స్‌బాడ్ గుహలు ఈ రీఫ్ రాయిలోనే ఏర్పడ్డాయి, మామూలు గుహల్లా వాన నీటితో కాదు, కింద నూనె నిక్షేపాల నుంచి వచ్చిన గ్యాస్ నీటితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమై రాయిని తినేసింది.

గోదారి_గట్టు

మూర్తి గారూ, ఇంత చక్కగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ, మేం పైన రాళ్ళలో గుండ్రంగా తేనెపట్టు గదుల్లాంటివి చూశాం, అవేంటో ఇప్పుడు తెలిసింది.

అయితే రాత్రి ఉండొద్దన్న మాట నేనూ ఒప్పుకోను. మీరు చెప్పినట్టు నాలుగింటికి బయల్దేరితే సూర్యోదయం దొరుకుతుంది, నిజమే, కానీ సాయంత్రం పోతుంది, రాత్రి పోతుంది. నాకు ఆ కొండ మీద అన్నిటికంటే ఇష్టమైంది శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా. పగటిపూట ఎక్కినవాళ్ళందరూ దిగిపోయారు, సైట్ల దగ్గర మేం కాక ఇంకో జంట అంతే, టెంట్ ముందు కూర్చుని చేతిలో పులిహోర డబ్బా పెట్టుకుని ఎదురుగా హంటర్ పీక్ వైపు రాయి పసుపై, నారింజై, ఆఖరికి బూడిద రంగైపోయే దాకా చూశాం. ఏ పనీ లేదు, ఎక్కడికీ పోయేది లేదు. ఇంట్లో అలా రెండున్నర గంటలు కూర్చోగలమా చెప్పండి. చీకటి పడ్డాక పాలపుంత తల మీద అడ్డంగా, ఒక్క తూర్పు దిక్కున మాత్రం మీ ఆయిల్ ఫీల్డుల వెలుగు కనిపిస్తుంది. మోకాళ్ళ గురించి అన్నది మాత్రం నిజం, వెళ్ళే ముందు ఓ నెల రోజులు బ్యాగ్‌లో నీళ్ళ సీసాలు వేసుకుని అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగి అలవాటు చేసుకోవాలి, మేం అదే చేశాం.

అనంత_నేల (ఎల్ పాసో)

అందరూ నీళ్ళ గురించే మాట్లాడతా ఉండారు, గాలి గురించి ఎవురూ చెప్పలే. మేము ఎల్ పాసోలో ఉంటాం, మాకు ఆ కొండ రెండు గంటల లోపే. అనంతపురంలో పుట్టి పెరిగినోణ్ణి, ఎండా గాలీ నాకు కొత్త కాదు, కానీ ఆ గ్వాడలూపే పాస్ గాలి లెక్కే వేరు. చలికాలం నుంచి ఏప్రిల్ దాకా గంటకి 40, 50 మైళ్ళ గాలి మామూలు, కొన్ని దినాలు 80 కూడా దాటుతుంది. మార్చిలో మేమిద్దరం పైకి పోతే క్యాంప్ సైట్ దాటినాక నిలబడనీకి కాలే, మా ఆడమనిషి నా బ్యాగ్ పట్టుకోని కూర్చునేసె. శిఖరం అర మైలే ఉండాది, అయినా తిరుక్కోని వచ్చేసినాం. దాని గురించి ఇద్దరికీ ఏం బాధ లేదు, కొండ యాడికీ పోదు.

పోయే ముందు నేషనల్ వెదర్ సర్వీస్ మిడ్‌లాండ్ ఆఫీసు వాళ్ళ ఫోర్‌కాస్ట్‌లో గ్వాడలూపే కొండలకి హై విండ్ వార్నింగ్ ఉందేమో చూడల్ల. ఊరి పేరు కొట్టి చూసే ఫోన్ వెదర్ యాప్ అక్కడ పనికిరాదు, అది కింద ఊర్ల లెక్క చెప్తాది. వార్నింగ్ ఉంటే పైన టెంట్ ఆలోచన మానుకోవల్ల. చిన్న మేకులు ఆ రాతి నేలలో దిగవు, టెంట్ తాళ్ళు రాళ్ళకి కట్టుకోవల్ల, ఆ తాళ్ళు పొడుగ్గా కొనుక్కోని పోండి.

ఇంకొక సంగతి, మా ఊరి రైలు కట్టల పక్కన కిత్తనార ఉంటాది కదా, ఆ జాతి చెట్లకి సొంతూరు ఈ పక్కే. కొండ కింద యాడ చూసినా అవే. మెస్కలేరో అపాచీలు ఆ చెట్టు గడ్డని గుంతల్లో కాల్చుకోని తినేవాళ్ళు, వాళ్ళకి ఆ పేరు వచ్చింది కూడా దాని మీదనే. లెచుగియా అని చిన్న రకం ఒకటుంది, దాని ఆకు కొన సూది మాదిరి గట్టిగా, మోకాలి కింద సరిగ్గా గుచ్చుకుంటాది, పొట్టి ప్యాంట్లు వేసుకోని పోవద్దు.

నర్సు_నీలిమ (ఫీనిక్స్)

నేను ఎమర్జెన్సీలో పని చేస్తాను, ఇక్కడ వేసవిలో కొండ ఎక్కి పడిపోయి వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటాం. ఫీనిక్స్‌లో అయితే ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో క్యామెల్‌బ్యాక్, పీస్టేవా లాంటి దారుల్ని పగటిపూట మూసేస్తున్నారు, అంత ఇబ్బంది. గ్వాడలూపే ఎత్తు ఎక్కువ కాబట్టి వేడి ఇక్కడంత ఉండదు, కానీ పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలీదు, పట్టగానే ఆవిరైపోతుంది, నాకు చెమటే పట్టలేదు కాబట్టి నీళ్ళు అక్కర్లేదు అనుకుంటారు. తర్వాత తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, చిరాకు. భర్తో భార్యో ఉన్నట్టుండి మాట్లాడటం మానేసినా, చిన్న మాటకి విసుక్కున్నా దాన్ని కోపం అనుకోకండి, కూర్చోబెట్టి నీడ చూసి తాగించండి.

ఇంకోవైపు ఒట్టి నీళ్ళే అదేపనిగా తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం తగ్గిపోతుంది, లక్షణాలు దాదాపు అలాగే ఉంటాయి కాబట్టి ఇంకా నీళ్ళు తాగిస్తారు, ఇంకా ముదురుతుంది. అందుకే నీళ్ళతో పాటు ఉప్పు వెళ్ళాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చాలు, మన పులిహోర, ఉప్పు పల్లీలు, నిమ్మకాయ ఊరగాయ ముక్క కూడా ఆ పని చేస్తాయి. బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి వెళ్ళండి, కొన్ని మందులు ఒంట్లో నీటిని బయటికి పంపేస్తాయి.

కొత్త_కాపురం (ఆస్టిన్)

హాయ్ అక్కా, మాకు పెళ్ళయి ఏడాది అవుతోంది, నేను ఎప్పుడూ టెంట్‌లో పడుకోలేదు, ఆయనకి చాలా ఇష్టం. ఇది చదివాక నాకూ వెళ్ళాలనిపించింది కానీ కొన్ని అడగాలంటే మొహమాటంగా ఉంది, అయినా అడుగుతున్నా. పైన బాత్రూం ఎలా? నెలసరి వస్తే? పాములు ఉంటాయా? రాత్రి భయం వేయలేదా? సిగ్నల్ లేకపోతే మా అమ్మ ఇండియాలో నిద్ర పోదు.

గోదారి_గట్టు

చెల్లీ, మొహమాటం దేనికి, ఇవి మగవాళ్ళు రాయరు కాబట్టి మనమే చెప్పుకోవాలి.

బాత్రూం పైన లేదు. చిన్న చేతి పార పట్టుకెళ్ళి దారికీ సైట్లకీ దూరంగా ఆరంగుళాలు తవ్వి పూడ్చేయాలి, పేపర్ మాత్రం పూడ్చకూడదు, జిప్ కవర్లో వేసి కిందికి తెచ్చేయాలి, ఎడారిలో అది కుళ్ళదు, గాలికి పైకి లేచి ముళ్ళ మీద వేలాడుతుంది. నెలసరి సామాను కూడా అంతే, నల్ల కవర్లో పెట్టి దానికి ఇంకో కవర్. అసలు ఆ రోజులు అయ్యాక డేట్ పెట్టుకుంటే నీకు సుఖం, కుదరకపోతే ఆగిపోనక్కర్లేదు. ఇంట్లోంచే ఒక పొడుగు చున్నీ పట్టుకెళ్ళు, అడ్డంగా పట్టుకోవడానికి మీ ఆయన ఉన్నారుగా.

పాములున్నాయి, రాటిల్‌స్నేక్స్. మాకు కనపడలేదు, చలి మొదలయ్యాక తక్కువ తిరుగుతాయి. చూడకుండా రాతి సందుల్లో చెయ్యి పెట్టకూడదు, పొద్దున్న బూట్లు దులిపి తొడుక్కోవాలి, తేళ్ళు ఉంటాయి. తిండి టెంట్‌లో పెట్టుకోకండి, ఎలుకలు బట్ట కొరికి మరీ వస్తాయి.

భయం అంటావా, మొదట్లో నాకూ వేసింది, గాలికి టెంట్ గుడ్డ టపటపలాడుతుంటే ఎవరో నడుస్తున్నట్టుంటుంది. మా ఆయన లేచి బయటికి తీసుకెళ్ళి టార్చ్ ఆర్పేసి పది నిమిషాలు నిలబెట్టారు. కళ్ళు అలవాటు పడ్డాక చెట్లు, రాళ్ళు, దారి అన్నీ నక్షత్రాల వెలుగులోనే కనిపిస్తాయి, ఇక భయం పోయింది. సిగ్నల్ అక్కడక్కడా వస్తుంది కానీ నమ్ముకోవద్దు. మీ అమ్మగారికి ఏ రోజు ఎన్నింటికి మళ్ళీ ఫోన్ చేస్తావో ముందే చెప్పు, గంటా రెండు గంటలు కలిపి చెప్పు, డాలస్‌లో ఉన్న ఒక ఫ్రెండ్‌కి మన ప్లాన్ మొత్తం, కారు నంబర్‌తో సహా పంపించు. టైం దగ్గర ఒక తిరకాసుంది: పార్క్ నడిచేది మౌంటెన్ టైం మీద, ఆస్టిన్ కంటే గంట వెనక, ఫోన్ ఒకో టవర్ పట్టుకుని ఒకో టైం చూపిస్తుంది. చేతికి మామూలు వాచీ పెట్టుకో.

ఓరుగల్లు_పోరడు

నడకరి అన్నా, అక్కా, అందరికీ థాంక్స్. ఇంటామె మొత్తం చదివింది, ఆమెనే ముందు రెడీ అయ్యింది ఇప్పుడు. మరి ఎప్పుడు పోవాలె? జులైల లాంగ్ వీకెండ్ ఉన్నది, గప్పుడు పోతే ఎట్లుంటది?

అనంత_నేల

జులై వద్దు తమ్ముడూ. జులై నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం మబ్బులు పట్టి పిడుగులు పడతాయి, ఆ శిఖరం మీద స్టీల్ స్తూపం పక్కన నిలబడే టైం కాదు అది. పోవల్లంటే తెల్లారి ఎక్కి పన్నెండు లోపల దిగిపోవల్ల, పైన రాత్రి వద్దు. అక్టోబర్, నవంబర్ మొదట్లో మంచిది, గాలి లేని వారం దొరికితే ఏప్రిల్ చివర కూడా పర్వాలేదు. డిసెంబర్, జనవరిలో పైన మంచు పడతాది, ఉత్తరం వైపు దారిలో గడ్డ కట్టి జారతాది.

మిడ్‌లాండ్_మూర్తి

అక్టోబర్ చివరికి వెళ్తే మెకిట్రిక్ కాన్యన్ వదలకండి. ఎడారి మధ్య ఆ లోయలో మేపుల్ చెట్లు ఎర్రగా, పసుపుగా మారేది ఆ పది పదిహేను రోజులే. దాన్ని పార్క్‌కి ఇచ్చింది వాలెస్ ప్రాట్ అనే పెట్రోలియం జియాలజిస్టు. 1921లో మొదటిసారి ఆ లోయ చూసి మెల్లగా భూమి కొనుక్కుని రాతి ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత దాదాపు 5,600 ఎకరాలు ప్రభుత్వానికి దానం చేశాడు, 1972లో పార్క్ మొదలైంది. మా వృత్తిలో ఆయన పేరు చెప్తే ఇప్పటికీ గౌరవం. ఆ ఇంటి దాకా వెళ్ళి రావడం 4.8 మైళ్ళు, పెద్దగా ఎక్కుడు లేదు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కూడా నడవొచ్చు. లోయలోకి వెళ్ళే రోడ్డుకి గేటు ఉంది, సాయంత్రం మూసేస్తారు, సీజన్‌ని బట్టి టైం మారుతుంది, లోపల కారు ఉండిపోకుండా చూసుకోండి.

అమ్మా గోదారి_గట్టు, సాయంత్రం గురించి మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. నేను అన్నేళ్ళుగా వెళ్తున్నా పైన రాత్రి ఉండలేదు, ఎప్పుడూ రాళ్ళ కోసమే వెళ్ళాను. ఆవిడ ఈసారి పర్మిట్ తీయమంటోంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోవాలన్న మాట మాత్రం అలాగే ఉంచుతున్నా.

అనంత_నేల

పడమటి పక్క తెల్ల జిప్సం ఇసుక దిబ్బలు కూడా ఉండాయి, సాల్ట్ బేసిన్ డ్యూన్స్, డెల్ సిటీ మీదుగా గంట డ్రైవ్, నీడ ఉండదు, సాయంత్రం పోవల్ల. పైనుంచి అక్కకి కనపడిన ఉప్పు మైదానం ఆ పక్కదే. 1877లో ఆ ఉప్పు ఎవరిదనే గొడవలో ఎల్ పాసో పక్కన శాన్ ఎలిజారియోలో మనుషులు చచ్చిపోయినారు. అంతకు ముందు చుట్టుపక్కల జనమంతా ఊరికే తవ్వుకోని పోతా ఉండినారు.

కొత్త_కాపురం

అక్కా, ఆయనతో మాట్లాడాను, అక్టోబర్ చివరి వారానికి అనుకుంటున్నాం. మొదటి రాత్రి పైన్ స్ప్రింగ్స్, రెండోది పైన. నడకరి గారూ, స్లీపింగ్ బ్యాగ్ ఎంత చలికి తట్టుకునేది కొనాలి? పైన సైట్లు అయిపోతే ఏం చెయ్యాలి? ఆదివారం దిగి ఆస్టిన్ దాకా డ్రైవ్ చేసేయొచ్చా?

నడకరి

మేం ఉన్న రాత్రి 40 ఫారెన్‌హీట్ అటూ ఇటూగా ఉంది, గాలి వేస్తే ఇంకా చలిగా అనిపిస్తుంది, కాబట్టి 20 డిగ్రీల బ్యాగ్ తీసుకోండమ్మా, కింద పరుచుకునే ప్యాడ్ మంచిది కొనండి, చలి ఎక్కువగా నేలలోంచే వస్తుంది. ఉన్ని టోపీ ఇద్దరికీ.

గ్వాడలూపే పీక్ సైట్లు అయిపోతే పైన్ టాప్ చూడండి. టెహాస్ ట్రైల్ మీద ఎక్కాలి, అక్కడ సైట్లు ఎక్కువ, పక్కనే ద బౌల్ అనే అడవి, హంటర్ పీక్ 8,368 అడుగులు. టెక్సస్‌లో ఎత్తైన శిఖరం కాదనే మాటే గానీ నాకైతే అటువైపు చెట్లు ఇంకా నచ్చాయి. బేర్ కాన్యన్ దారిలో మాత్రం దిగొద్దు, బరువుతో చాలా నిలువుగా ఉంటుంది, వెళ్ళిన దారినే రండి.

ఆదివారం దిగాక ఆస్టిన్ దాకా ఒక్కబిగిన వద్దు. మేం ఒడెస్సాలో రూం తీసుకుని పడుకుని సోమవారం సెలవు పెట్టాం. పర్మిట్, పైన్ స్ప్రింగ్స్ సైట్ రెండూ రిక్రియేషన్ డాట్ గవ్‌లోనే బుక్ చేయాలి, అక్టోబర్ వీకెండ్లు తొందరగా అయిపోతాయి, ఈ రాత్రే కూర్చుని చూడండి. పార్క్ ఎంట్రీ మనిషికి 10 డాలర్లు, వారం చెల్లుతుంది, యాన్యువల్ పాస్ ఉంటే అక్కర్లేదు. డేట్ ఖాయమయ్యాక ఇక్కడే చెప్పండి, మా దగ్గర పెద్ద నీళ్ళ సంచులు రెండున్నాయి, డాలస్ వైపు వస్తే పట్టుకెళ్ళండి.